కాలేజీకి సైకిల్: ఇరవై వేలలోపు హైబ్రిడ్‌లో ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి

పదిహేను వేలు జేబులో పెట్టుకుని సైకిల్ షాపులోకి వెళ్తే మొదట బయటికి లాగి చూపించేది ఎప్పుడూ ఒకే రకం సైకిల్. లావు టైర్లు, ముందు షాక్‌లు, రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, 21 గేర్లు, ఫ్రేము నిండా స్టిక్కర్లు. "తమ్ముడూ, కాలేజీ పిల్లలందరూ ఇదే తీసుకెళ్తున్నారు" అంటాడు షాపాయన. అబద్ధమేం కాదు, తీసుకెళ్తున్నారు. కాకపోతే ఏ హాస్టల్లోనైనా మెట్ల కింద చూడండి, చైను తుప్పు పట్టి, గేరు కేబుల్ వేలాడుతూ, టైర్లో గాలి లేకుండా పడి ఉండేవి ఎక్కువగా అవే. నా మాట ముందే చెప్పేస్తాను: ఈ బడ్జెట్‌లో సైకిల్ మీద ఎన్ని వస్తువులు తగిలిస్తే ఒక్కో వస్తువు అంత నాసిరకంగా వస్తుంది. అందుకే షాక్ లేనిది, డిస్క్ లేనిది, గేర్లు తక్కువ ఉన్నది వెతుక్కోండి. అది చాలాసార్లు హైబ్రిడ్ అవుతుంది. అన్నిసార్లూ కాదు, దాని సంగతి కూడా చెప్తాను.

హైబ్రిడ్ అంటే పెద్ద విషయమేం లేదు. రేసు సైకిల్‌కి ఉండే పెద్ద చక్రం, దానికంటే కొంచెం లావు టైరు, ఎంటీబీకి (కొండదారుల కోసం చేసే మౌంటెన్ బైక్) ఉండే నిటారు హ్యాండిల్. ట్రాఫిక్‌లో తల ఎత్తి కూర్చోవచ్చు, తారు రోడ్డు మీద తేలిగ్గా దొర్లుతుంది, గుంతలో పడినా మరీ ఎముకలు కదిలిపోవు. వెనక క్యారేజ్, మడ్‌గార్డులు బిగించడానికి చాలావాటికి ఫ్రేములోనే మర రంధ్రాలు ఉంటాయి. కాలేజీకి వెళ్లేవాళ్లకి అసలు లాభం ఇక్కడే, దీన్ని షాపులో ఎవరూ చూడరు.

ముందు మీ దూరం ఎంత?

ఇంటి నుంచో హాస్టల్ నుంచో కాలేజీకి మూడు కిలోమీటర్ల లోపే అయితే, దారి చదునుగా ఉంటే, హైబ్రిడ్ కూడా అక్కర్లేదు. గేర్లు లేని మామూలు సైకిల్ ఆరేడు వేలలో వస్తుంది, దాన్ని ఏ వీధి మెకానిక్ అయినా బాగుచేస్తాడు, పోయినా గుండె అంతగా పగలదు. మూడు నుంచి పది కిలోమీటర్లు హైబ్రిడ్‌కి సరైన దూరం. సిగ్నళ్లు, సందులు అన్నీ కలుపుకుని సిటీలో సగటున గంటకి పదిహేను కిలోమీటర్లు వేసుకోండి, ఆరు కిలోమీటర్లకి ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. బస్సు కోసం నిలబడే సమయం కలిపి చూస్తే ఇది తక్కువే. పది దాటి పన్నెండు, పదిహేను అంటే మాత్రం రెండు వైపులా కలిపి రోజుకి ముప్ఫై దాకా అవుతుంది. ఇప్పటిదాకా సైకిల్ తొక్కని మనిషి జూన్‌లో ఉత్సాహంగా మొదలుపెట్టి జులైకల్లా మానేసే దూరం అది. బస్సు పాసుతో సరిపెట్టుకోండి, లేదా మెట్రో స్టేషన్ దాకా మాత్రమే సైకిల్ మీద వెళ్లండి.

ఖర్చు లెక్క కూడా ఒకసారి వేయండి, ఇంట్లో వాళ్లని ఒప్పించడానికి పనికొస్తుంది. రోజుకి పన్నెండు కిలోమీటర్లు, నెలకి పాతిక రోజులు అంటే 300 కిలోమీటర్లు. లీటరుకి 45 ఇచ్చే స్కూటీకి, లీటరు 107 రూపాయల లెక్కన, నెలకి ఏడు వందలు దాటుతుంది. సర్వీసింగు, ఇన్సూరెన్సు వేరే. పదిహేను వేల హైబ్రిడ్ రెండేళ్లలోపే పెట్రోలు డబ్బుతో తీరిపోతుంది. స్కూటీ కొనిపించుకోవాలని పట్టుబట్టి కూర్చున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పేరా నాన్నకి చూపించకండి.

హైబ్రిడ్‌కి పోటీగా ఏమేం ఉన్నాయి

మొదటిది, పైన చెప్పిన షాక్‌ల ఎంటీబీ. ఎనిమిది నుంచి పద్నాలుగు వేల మధ్య దొరికేవాటిలో ఎక్కువ భాగం చూపుకి కొండలెక్కేలా ఉంటాయి కానీ ఆ షాక్ లోపల ఉండేది ఒక స్ప్రింగు, అంతే. ఇలాంటి చవక ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల కడ్డీ) బరువు రెండు కిలోల పైనే ఉంటుంది, మామూలు స్టీలు ఫోర్కు దాంట్లో సగం ఉంటుంది. మీరు లేచి నిలబడి తొక్కినప్పుడు మీ బలంలో కొంత ఆ స్ప్రింగు నొక్కుకోవడానికే పోతుంది. ఒక వర్షాకాలం తిరిగేసరికి దాని లోపల బురదనీళ్లు చేరి బిగుసుకుపోతుంది, అప్పుడిక అది రెండు కిలోల మామూలు ఫోర్కు. దీనికి తోడు గట్ల టైర్లు, తారు రోడ్డు మీద బర్రుమని శబ్దం చేస్తూ వేగాన్ని తినేస్తాయి. మీ కాలేజీ దారిలో నిజంగానే రెండు మూడు కిలోమీటర్లు మట్టి రోడ్డు, కంకర ఉంటే ఎంటీబీ తీసుకోండి, అప్పుడు కూడా షాక్ లేనిది దొరుకుతుందేమో అడగండి. ఎంటీబీ ఇప్పటికే ఇంట్లో ఉంటే కొత్తది కొనే ముందు దానికి నున్నటి టైర్లు వేయించి చూడండి, రెండు వేలలోపు అయిపోతుంది, సగం హైబ్రిడ్ అయినట్టే.

రెండోది, సింగిల్ స్పీడ్, అంటే గేర్లు లేనివి. చదునైన ఊళ్లలో నేను మనస్ఫూర్తిగా సిఫార్సు చేసేది ఇదే. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్న సైకిల్‌కి పెద్ద చక్రం ఉంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే ఐదు మీటర్ల పైచిలుకు ముందుకు పోతారు. నిమిషానికి అరవై చుట్లు, అంటే అసలు ఆయాసపడకుండా తొక్కినా, గంటకి 19 కిలోమీటర్లు వస్తుంది. కాలేజీకి ఇంతకంటే ఏం కావాలి? గేరు కేబుల్ తెగదు, డెరైలర్ (చైనుని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) వంగదు. తొమ్మిది వేలలోపు బడ్జెట్ ఉన్నవాళ్లు గేర్ల సైకిల్ వైపు చూడనే వద్దు. ఆ ధరలో గేర్లు పెట్టాలంటే కంపెనీ ఇంకెక్కడో కోత పెట్టి తీరాలి, ఆ కోత బేరింగుల్లోనో, రిమ్ములోనో, బ్రేకుల్లోనో పడుతుంది.

మూడోది, అమ్మాయిలు ఎక్కువగా అడిగేది, ఫ్రేము మధ్యలో కిందికి వంగి ఉండే లేడీస్ మోడల్. బీఎస్‌ఏ లేడీబర్డ్ లాంటివి. ముందు బుట్ట, పూర్తి చైన్ కవరు ఉంటాయి కాబట్టి చున్నీ, చుడీదార్ చైన్‌లో పడే భయం ఉండదు. హైబ్రిడ్‌లలో పూర్తి చైన్ కవరు దాదాపు ఉండదు, ముందు పళ్ల చక్రానికి ఒక ప్లాస్టిక్ బిళ్ల ఉంటే అదే ఎక్కువ. ప్యాంటు, జీన్స్ వేసుకునేవాళ్లకి ఇబ్బంది లేదు, చీలమండ దగ్గర ఒక పట్టీ పెట్టుకుంటే సరి. చుడీదార్‌లో వెళ్లేవాళ్లకి, దూరం నాలుగైదు కిలోమీటర్లు అయితే, లేడీస్ మోడలే హాయి. పొడవున్న అమ్మాయిలకి మాత్రం వాటిలో మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతాయి, కూర్చుని చూసి కొనండి.

నాలుగోది బ్యాటరీ సైకిల్. 250 వాట్ల మోటారు, గంటకి 25 కిలోమీటర్ల వేగం దాటనివాటికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బాగుంటాయి, కానీ పనికొచ్చేది పాతిక వేల నుంచి మొదలవుతుంది, నాలుగైదేళ్లకి బ్యాటరీ మార్చాలి, హాస్టల్లో చార్జింగుకి వార్డెన్ ఒప్పుకోవాలి. ఈ బడ్జెట్‌లో వదిలేద్దాం.

హైబ్రిడ్ తీసుకోవాలనుకున్నాక చూడాల్సినవి

గేర్ల దగ్గరే అందరూ మోసపోతారు కాబట్టి అక్కడ మొదలుపెడదాం. 21 గేర్లు అంటే ముందు మూడు, వెనక ఏడు. వినడానికి 21 కానీ అందులో సగం ఒకదాని మీద ఒకటి పడిపోయేవే. ముందు 48 పళ్లది, వెనక 24 పళ్లది పెట్టినా, ముందు 38, వెనక 18 లేదా 20 పెట్టినా కాలికి తెలిసే తేడా దాదాపు ఉండదు. ముందు ఉన్న మూడింటి కోసం ఒక డెరైలర్, ఒక కేబుల్, ఎడమ చేతికి ఒక షిఫ్టర్, అన్నీ అదనం. మన ఊళ్లలో గేర్లు సరిగ్గా కట్టే మెకానిక్ దొరకడమే కష్టం, అందులోనూ ముందు డెరైలర్ సర్దడం వచ్చినవాళ్లు ఇంకా తక్కువ, చైన్ రుద్దుకుంటూ కరకరమంటుంటే "అదంతేనన్నా, గేర్ బండి కదా" అని పంపించేస్తారు. అందుకని ముందు ఒకటే పళ్ల చక్రం, వెనక ఏడో ఎనిమిదో ఉన్నది దొరికితే కళ్లు మూసుకుని అటు మొగ్గండి. ముందు 38, వెనక 14 నుంచి 34 దాకా ఉంటే ఫ్లైఓవరూ ఎక్కుతుంది, చదునులో గంటకి పాతిక కిలోమీటర్ల దగ్గరికీ పోతుంది.

గేరు మీద షిమానో అని కంపెనీ పేరు రాసి ఉంటే చాలని అనుకోకండి, ఏ రకమో చదవండి. అన్నిటికంటే కింది మెట్టు టూర్నీ, దాని పైన ఆల్టస్, ఆపైన అసెరా. ఈ బడ్జెట్‌లో టూర్నీ వస్తుంది, కాలేజీ వాడకానికి అది చాలు, సరిగ్గా బిగించి ఉంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. టూర్నీకి, ఆల్టస్‌కి మధ్య తేడా కోసం మూడు వేలు ఎక్కువ పెట్టనక్కర్లేదు, ఆ డబ్బుతో మంచి టైర్లు వస్తాయి. గేరు మార్చేది పిడి తిప్పే రకమా, బొటనవేలితో నొక్కే రకమా అన్నది కూడా చూడండి. చెమట చేతులతో, వానలో, పిడి తిప్పడం చిరాకు.

బ్రేకుల విషయానికొస్తే, ఇరవై వేలలోపు నా ఓటు వీ-బ్రేకులకే. రబ్బరు దిమ్మలు రెండు వైపుల నుంచి రిమ్ముని పట్టుకుంటాయి, అరిగితే వంద, రెండొందలకి కొత్తవి వస్తాయి, ఎవరైనా మార్చేస్తారు. చవక మెకానికల్ డిస్క్‌ల సంగతి కాలేజీ పార్కింగ్‌లో తెలుస్తుంది: ఒక సైకిల్ పడితే వరసగా పది పడతాయి, ఆ పడటంలో పల్చటి డిస్క్ ఒక రవ్వంత వంగిందా, చక్రం తిరిగినప్పుడల్లా షింగ్ షింగ్‌మని రుద్దుకుంటూనే ఉంటుంది. పైగా కొన్నిటికి వెనక డిస్క్ కాలిపర్ (డిస్క్‌ని పట్టుకునే దిమ్మ) అడ్డొచ్చి మామూలు క్యారేజ్ పట్టదు. వీ-బ్రేకుకి ఉన్న లోపం ఒకటే, రిమ్ము తడిసినప్పుడు మొదటి చుట్టులో సరిగ్గా పట్టదు, ముందే మెల్లగా నొక్కి నీళ్లు తుడిచెయ్యాలి. రోజూ వానలో నిలువు పల్లం దిగాల్సిన దారైతే మాత్రం నేను కూడా డిస్క్ వైపే ఉంటాను, కాకపోతే అప్పుడు బడ్జెట్ కొంచెం పెంచుకుని పేరున్న కంపెనీ డిస్క్ బ్రేకులు ఉన్నది చూడాలి.

ఇక టైర్లు, ట్యూబులు. రోజువారీ వాడకంలో మిమ్మల్ని ఏడిపించేది, కాపాడేది ఇవే, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. హైబ్రిడ్ టైరు పక్కన 700 ఇంటూ 35సీ అనో, 28 అంగుళాలు అనో ఉంటుంది. ఈ 28 అంగుళాలు పెద్ద గందరగోళం. తాతల కాలం నల్ల సైకిల్ చక్రం కూడా 28 అంగుళాలే, కానీ రెండూ ఒకటి కాదు. టైరు మీదే చిన్న అక్షరాల్లో ఇంకో నంబరు ఉంటుంది, 37-622 లాగా. మొదటిది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం. హైబ్రిడ్‌ది 622, పాత నల్ల సైకిల్‌ది 635. పదమూడు మిల్లీమీటర్లే కదా అని ఆ టైరు దీనికి ఎక్కించబోతే కూర్చోదు. కానీ ట్యూబు రబ్బరు కాబట్టి సర్దుకుంటుంది. పల్లెటూరి పంక్చర్ షాపులో మీ సైజు ట్యూబు లేకపోతే ఆ పాత 28 ట్యూబుతో ఇంటికి చేరొచ్చు. 29 అంగుళాల ఎంటీబీది కూడా 622 రిమ్మే, దాని ట్యూబూ అత్యవసరానికి పనికొస్తుంది.

దీనికి ఒక షరతు ఉంది, వాల్వు. కార్లకి, బైకులకి ఉండే లావు వాల్వుని ష్రేడర్ అంటారు, పెట్రోలు బంకులో గాలి పట్టేది దీనికే. రేసు సైకిళ్లకి సన్నగా, కొనకి చిన్న నట్టుతో ఉండేది ప్రెస్టా. కొన్ని హైబ్రిడ్‌లకి ప్రెస్టా వస్తుంది, దాని కోసం రిమ్ముకి వేసిన రంధ్రం కూడా సన్నదే, కాబట్టి మామూలు ట్యూబు అందులో దూరదు. వాల్‌ట్యూబు వేసి గాలి కొట్టే పాత సైకిల్ వాల్వు మాత్రం ష్రేడర్ రంధ్రంలో పడుతుంది. అంటే ష్రేడర్ రిమ్ము ఉన్న సైకిల్‌కి ఏ వీధి చివరైనా సాయం దొరుకుతుంది, ప్రెస్టా ఉంటే మీ ట్యూబు, మీ పంపు మీరే మోసుకోవాలి. షాపులో వంగి వాల్వు చూడటానికి పది సెకన్లు పట్టదు.

టైరు వెడల్పు 35 నుంచి 40 మిల్లీమీటర్ల మధ్య తీసుకోండి. 28, 32 మిల్లీమీటర్ల టైర్లు ఉన్న హైబ్రిడ్‌లు వేగంగా పోతాయి, కానీ మన స్పీడ్ బ్రేకర్లకి, మ్యాన్‌హోల్ అంచులకి అవి నలిగిపోతాయి. గాలి తక్కువున్న సన్న టైరు అంచుకి కొట్టుకుంటే ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కాటు వేసినట్టు. మేకు గుచ్చుకోకుండానే పంక్చర్ అయ్యిందని ఆశ్చర్యపోయేవాళ్లలో సగం మందిది ఇదే కథ. పది రోజులకోసారి గాలి చూసుకోండి. ఎంత పట్టాలో టైరు పక్కనే పీఎస్‌ఐలో (గాలి ఒత్తిడి కొలత) రాసి ఉంటుంది, బ్యాగుతో కలిపి అరవై, డెబ్భై కిలోల మనిషికి 35 టైరులో వెనక అరవై, ముందు ఒక ఐదు తక్కువ పెడితే బాగుంటుంది.

ఫ్రేము అల్లాయా, స్టీలా అని చాలామంది అడుగుతారు. అల్లాయ్ తేలిక, తుప్పు పట్టదు. స్టీలు బరువు, కానీ బలంగా ఉంటుంది, విరిగితే వెల్డింగ్ చేయించవచ్చు. మొత్తం సైకిల్ పదిహేను కిలోల లోపు ఉంటే సరే. హాస్టల్ మూడో అంతస్తుకి ఎత్తుకెళ్లాలంటే తప్ప ఫ్రేము లోహం గురించి తల బద్దలు కొట్టుకోకండి.

మీ ఊరిని బట్టి

కాకినాడ, విజయవాడ లాంటి చదును ఊళ్లలో గేర్లు దాదాపు అనవసరం. కాకినాడ రోడ్లు గీత గీసినట్టు ఉంటాయి, అక్కడ జేఎన్‌టీయూకి వెళ్లేవాళ్లు సింగిల్ స్పీడ్ తీసుకుని మిగిలిన డబ్బు దాచుకోవచ్చు. విజయవాడలో ఇబ్బంది ఎత్తుపల్లాలు కాదు, ఎండ. ఏప్రిల్‌లో పదింటికి బయల్దేరితే ఏ సైకిలూ కాపాడదు, బ్యాగ్ వీపు మీద కాకుండా క్యారేజ్ మీద ఉంటే చొక్కా కాస్తయినా పొడిగా ఉంటుంది.

వైజాగ్ వేరే లోకం. బీచ్ రోడ్డు వైపు నుంచి ఆంధ్రా యూనివర్సిటీకి, సిరిపురానికి ఎక్కాలంటే గేర్లు కావాల్సిందే, వెనక 34 పళ్లది ఉండాల్సిందే. అక్కడ ఇంకో శత్రువు సముద్రపు గాలి. స్టీలు చైను, పుల్లలు, నట్లు అన్నీ త్వరగా తుప్పు పడతాయి. అల్లాయ్ ఫ్రేము, అల్లాయ్ రిమ్ములు తీసుకోవడానికి గట్టి కారణం ఉన్న ఊరు ఇది. వారానికోసారి చైను తుడిచి నాలుగు చుక్కల నూనె వెయ్యాలి, అది కూడా పల్చటి చైన్ ఆయిల్, బండికి తీసేసిన ఇంజిన్ ఆయిల్ పోస్తే ఇసుకంతా అంటుకుని చైను ఇంకా తొందరగా అరుగుతుంది.

హైదరాబాద్‌లో మీరు ఏ మూల ఉన్నారన్నదే లెక్క. సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా లాంటి పెద్ద క్యాంపస్‌లలో లోపలే ఉండేవాళ్లకి హాస్టల్ నుంచి క్లాసుకి ఏ సైకిలైనా సరిపోతుంది, సెకండ్ హ్యాండ్‌ది ఇంకా మేలు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వైపు ఎక్కి దిగాల్సి ఉంటే ఏడెనిమిది గేర్లున్న హైబ్రిడ్ కావాలి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా అంటారు కొందరు. సోలార్ పలకల నీడలో హాయిగా ఉంటుంది, ఆదివారం పొద్దున్నే వెళ్లండి. కానీ నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు చదివేవాళ్లకి తప్ప రోజువారీ కాలేజీ దారిలో అది తగలదు, దాన్ని చూసి వేగం కోసం సన్న టైర్ల సైకిల్ కొనకండి. మిగతా దారంతా మామూలు రోడ్డే.

ఎవరిది కొనాలి

పేర్లు చాలా కనిపిస్తాయి కానీ ఇళ్లు తక్కువ. బీఎస్‌ఏ, హెర్క్యులిస్, మోంట్రా, మాక్ సిటీ అన్నీ చెన్నైకి చెందిన టీఐ వాళ్లవే. ఫైర్‌ఫాక్స్‌ని 2015లో లూధియానాకు చెందిన హీరో సైకిల్స్ కొనేసింది, కాబట్టి హీరో స్ప్రింట్, ఫైర్‌ఫాక్స్ ఒకే గొడుగు కింద ఉన్నాయి. అట్లాస్ పేరు పెద్దవాళ్లు చెప్తారు, దాని సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020లోనే ఆగిపోయింది. డెకాథ్లాన్ వాళ్ల హైబ్రిడ్‌లు రివర్‌సైడ్ పేరుతో వస్తాయి. ట్రెక్ ఎఫ్‌ఎక్స్, జెయింట్ ఎస్కేప్ లాంటివి మంచి హైబ్రిడ్‌లే కానీ మన లెక్క దాటిపోతాయి.

పెద్ద ఊళ్లో ఉంటే మొదట డెకాథ్లాన్‌కి వెళ్లి రివర్‌సైడ్ తొక్కి చూడండి, కొనకపోయినా సరే. షాపులోనే తొక్కనిస్తారు, వర్క్‌షాపు అక్కడే ఉంటుంది, హైబ్రిడ్ మీద కూర్చుంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆ తర్వాత మీ ఊళ్లో టీఐ, హీరో డీలర్ల దగ్గర అదే రకం ఏముందో చూసి పోల్చుకోండి. ధర ఒకటే అయితే మీ కాలేజీకో ఇంటికో దగ్గర ఉన్న షాపులో కొనడం మేలు, బ్రాండు తర్వాత. డెకాథ్లాన్ లేని పట్టణాల్లో అయితే ఇది ఇంకా ముఖ్యం, ప్రతి చిన్న రిపేరుకీ వంద కిలోమీటర్లు సైకిల్‌ని బస్సు మీద వేసుకెళ్లలేరు కదా. ధరల కోసం పాత రివ్యూలు చూస్తుంటే ఒక్కటి గుర్తుంచుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత ధర చెప్తే బేరం ఆడండి.

సైజు తప్పితే పైన చెప్పిందంతా వృథా. ఫ్రేము మీద ఇటూ అటూ కాళ్లు పెట్టి నిలబడితే మధ్య కడ్డీకీ మీకూ మధ్య రెండు మూడు వేళ్ల ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా రావాలి. "సీటు దించేస్తే సరిపోతుంది సార్" అంటే నమ్మకండి, సీటు దిగుతుంది కానీ హ్యాండిల్ దూరం మారదు, నెల తిరిగేసరికి మెడ, భుజాలు పట్టేస్తాయి. అన్న కోసం కొన్న పెద్ద సైజుని తమ్ముడికి అంటగట్టే ఇళ్లు కూడా ఇది గమనించాలి.

ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తే, అది డబ్బాలో సగం విప్పి వస్తుందని తెలుసుకోండి. హ్యాండిల్, ముందు చక్రం, సీటు, పెడళ్లు మీరే బిగించాలి. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, అందరూ తిప్పే దిక్కుకి పానా పెట్టి బలంగా తిప్పితే క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) మర పోతుంది, కొత్త క్రాంకు కొనాలి. బ్రేకులు, గేర్లు కూడా సర్దాలి. మెకానిక్‌కి ఇచ్చే ఐదారు వందలు కలిపి చూస్తే షాపు ధరతో తేడా చాలాసార్లు మిగలదు.

సెకండ్ హ్యాండ్‌కి మంచి సీజన్ ఏప్రిల్, మే. ఫైనలియర్ సీనియర్లు హాస్టల్ ఖాళీ చేస్తూ వచ్చినకాడికి అమ్మేస్తుంటారు. కొనే ముందు చక్రం ఎత్తి తిప్పి ఔట్ (అటూ ఇటూ ఊగడం) ఉందేమో చూడండి, కొంచెం ఉంటే పుల్లలు బిగించి తీసేస్తారు. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ మెడ దగ్గర టకటకమంటే బేరింగు పని ఉంది, అది కూడా చిన్నదే. ఫోర్కు వెనక్కి వంగి ఉన్నా, ఫ్రేము గొట్టాలు కలిసే చోట రంగు పగిలి ఉన్నా మాత్రం ఎంత చవకైనా వదిలేయండి. బిల్లు అడగండి, లేదంటే కనీసం అమ్మేవాడి పేరు, సైకిల్ కింద పెడళ్ల గొట్టం మీద చెక్కి ఉండే ఫ్రేము నంబరు రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి.

డబ్బు ఎలా పంచుకోవాలి

మీ దగ్గర పదిహేను వేలు ఉంటే పదిహేను వేల సైకిల్ కొనకండి, పన్నెండుది కొనండి. మిగిలిన మూడు వేలలో హెల్మెట్‌కి వెయ్యి పైన పోతుంది. తాళానికి ఐదారు వందలు పెట్టండి. సన్న కేబుల్ తాళాన్ని కటింగ్ ప్లేయర్‌తో కట్ చేస్తారు, గట్టి చైనో, యూ ఆకారపు కడ్డీ తాళమో తీసుకుని చక్రానికి ఒక్కదానికే కాక ఫ్రేముని, స్టాండు కడ్డీని కలిపి వెయ్యండి. సీటు పిడి తిప్పితే ఊడొచ్చే రకమైతే షాపులోనే బోల్టు పెట్టించేయండి, కాలేజీల్లో సైకిల్ కంటే సీట్లే ఎక్కువ పోతాయి. వెనక ఎర్ర లైటు, రెండు మడ్‌గార్డులు, క్యారేజ్, ఒక స్పేర్ ట్యూబు. జూన్‌లో కాలేజీ తెరిచేసరికి వానలు మొదలవుతాయి, మడ్‌గార్డు లేని సైకిల్ వెనక చక్రం మీ వీపు మీద, ల్యాప్‌టాప్ బ్యాగ్ మీద బురద గీత గీస్తుంది, కాబట్టి దీన్ని తర్వాత చూద్దామని వాయిదా వెయ్యొద్దు.

బిల్లు కట్టేటప్పుడు మొదటి నెల సర్వీసు ఉచితమని బిల్లు మీదే రాయించుకోండి. కొత్త కేబుళ్లు మొదటి కొన్ని వారాల్లో సాగుతాయి, పుల్లలు సర్దుకుంటాయి, గేర్లు తప్పడం మొదలవుతుంది. సైకిల్ చెడిపోయిందని కంగారు పడకుండా తీసుకెళ్లి బిగించుకుంటే మళ్లీ చాలాకాలం షాపు వైపు వెళ్లక్కర్లేదు. ఫ్రేము నంబరు ఫోటో అక్కడే తీసి ఫోన్లో పెట్టుకోండి, ఎప్పుడైనా పోలీస్ స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తే వాళ్లు మొదట అడిగేది అదే.